చలికాలంలో బోధిమొక్క సంరక్షణ

(లిలువాలోని తెలుగు బౌద్ధ కుటుంబాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

గత వైశాఖ పూర్ణిమనాడు మన సంఘం పక్షాన ఇంటింటికీ ఒక రావి మొక్కను కుండీలో ఇచ్చుకున్నాము. వర్షకాలమంతా అవి చక్కగా పెరిగాయి. మార్గశిరం ప్రవేశించింది మొదలు చాలా ఇళ్ళలో వాటి ఆకులు పసుపుబారి రాలిపోతున్నాయి. "మొక్క చచ్చిపోయినట్టుంది, పారవేయమంటారా?" అని కొందరు అడిగారు. "రావి ఇంట్లో ఉంటే అరిష్టమని ఇరుగుపొరుగువారు ముందే అన్నారు" అని మరికొందరు చెప్పారు. ఈ రెండు సందేహాలకు సమాధానం చెప్పడమే నేటి నా ప్రసంగోద్దేశం.

చరిత్ర బోధించేవాడిని కనుక చరిత్రతోనే మొదలుపెడతాను. సింహళదేశపు మహావంశం చెప్పే ప్రకారం, అశోకుని కుమార్తె సంఘమిత్త థేరి బుద్ధగయలోని బోధివృక్షపు దక్షిణ శాఖను బంగారు పాత్రలో ఉంచుకొని తామ్రలిప్తి రేవులో ఓడనెక్కింది. ఆ తామ్రలిప్తి మన హౌరా జిల్లాను ఆనుకొని ఉన్న పూర్వ మేదినీపుర్ జిల్లాలోని నేటి తమ్లుక్. ఓడ కదిలిన మాసం మార్గశిరమని ఆ గ్రంథమే చెబుతున్నది. శ్రీలంక బౌద్ధులు నేటికీ డిసెంబరు పున్నమిని ఉందువప్ పోయ అనే పేరుతో ఆమె రాకకు గుర్తుగా జరుపుకొంటారు. పాత్రలో పెట్టిన ఆ రావికొమ్మ చలికాలంలోనే ఈ వంగతీరాన్ని విడిచిందన్నమాట. దానిని కాపాడడానికి పంపినవారిలో రాజవంశీకులతోపాటు గోపాలకులు, నేతపనివారు, కుమ్మరులు కూడా ఉన్నారు. మొక్కకు మట్టి తెలిసినవారు, కుండ తెలిసినవారు కావాలి. ఆ సంగతి ఆ గ్రంథకర్తకు తెలుసు. మన అమరావతి శిల్పులు సైతం బోధివృక్షాన్ని, దాని కింద ఖాళీ ఆసనాన్ని చెక్కి తథాగతుని సూచించారు. అటువంటి చెట్టు పిల్ల మన కిటికీలో ఉన్నప్పుడు దానిని పెంచే పని కూడా మనకు తెలియాలి.

ఇక ఆకులు ఎందుకు రాలుతున్నాయో విచారిద్దాం. ఏదీ కారణం లేకుండా సంభవించదని ధర్మం మనకు నేర్పుతున్నది. లిలువాలో జనవరి రాత్రులు 12, 14 డిగ్రీల దాకా చల్లబడతాయి. ఆ చలిని రోడ్డు పక్క రావిచెట్లు నిశ్చింతగా భరిస్తున్నాయి. కనుక మన మొక్కకు శత్రువు చలి ఒక్కటే కాదు. చలి పడగానే మనం కుండీని వాకిలి నుంచి గది మూలకు మార్చాము. అక్కడ వెలుతురు తగ్గింది. చల్లని, పొడిబారిన గాలిలో ఎదుగుదల మందగించింది. నీరు మాత్రం వానాకాలంలో పోసినంతే పోస్తూ వచ్చాము. పైగా శీతకాలపు చివర ఆకు రాల్చి, వసంతంలో రాగిరంగు చిగురు వేయడం రావి సహజ లక్షణం. ఈ కారణాలలో మన చేతిలో ఉన్నవి రెండు: నీరు, వెలుతురు.

మొదట నీటి సంగతి. కుండీలో రావి దాహంతో చావడం కన్నా నీరు ఎక్కువై చావడమే తరచుగా జరుగుతుంది. పాత మిద్దెగోడ పగులులో మొలిచిన రావిని చూడండి. గుప్పెడు మట్టి, అప్పుడప్పుడు పడే వాన, అంతే దాని ఆస్తి. మనం మాత్రం ఉదయాన్నే వందనం చేసి భక్తితో చెంబెడు నీరు పోస్తాము. తడి ఆరని మట్టిలో వేళ్ళకు గాలి అందదు, అవి కుళ్ళిపోతాయి. నీరు పోయడానికి ముందు వేలిని రెండు అంగుళాల లోతుకు మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ రోజు నీరు వద్దు. పొడిగా ఉంటే కుండీ అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోసి, కింది పళ్ళెంలో నిలిచిన నీటిని పారబోయండి. నీరు మరీ చల్లగా ఉండరాదు. రాత్రి బిందెలో పట్టి ఉంచిన నీరు చాలు. నిత్యం ఏదో ఒకటి సమర్పించాలని మనసు కోరితే ఒక దీపం వెలిగించండి, అదీ ఆకులకు దూరంగా.

రెండవది వెలుతురు. తూర్పు లేదా దక్షిణపు కిటికీ దగ్గర ఉదయపుటెండ తగిలేటట్లు కుండీ పెట్టండి. ఒకసారి పెట్టినచోటే ఉంచండి. మాటిమాటికీ చోటు మారిస్తే ఈ జాతి మొక్కలు ఆకులు రాలుస్తాయి. రాత్రి చలిగాలి నేరుగా తగిలే కిటికీని మూయండి. హౌరా చలికాలపు పొగ, దుమ్ము ఆకుల మీద పొరగా పేరుకొని ఉన్న వెలుతురును కూడా అడ్డగిస్తాయి. వారానికొకసారి తడిగుడ్డతో ఆకులను రెండు వైపులా తుడవండి. అప్పుడే తెల్లని పిండినల్లి, ఆకు అడుగున సన్నని బూజు వంటివి కంటపడతాయి. పలచని సబ్బునీటితో తుడిచి, తరువాత మంచినీటితో కడిగితే చాలు. ఎరువు వేయడం, కుండీ మార్చడం, కొమ్మలు కత్తిరించడం ఫాల్గుణం తరువాతికి వాయిదా వేయండి. కొమ్మ విరిగితే కారే పాలు చర్మానికి, కంటికి మంట పుట్టిస్తాయి. పిల్లలను దూరంగా ఉంచండి. రబ్బరు మొక్క, మర్రి, జువ్వి కూడా ఈ కుటుంబానివే కనుక ఇంట్లో అవి ఉన్నవారికీ ఇవే నియమాలు. విదేశాల్లో ఉన్న మన పిల్లలకు ఒక్క మాట అదనంగా చెప్పండి: గదిని వేడిచేసే యంత్రం దగ్గర కుండీ పెట్టవద్దని.

ఇక అరిష్టం మాట. బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞలను స్వీకరించిన మనం ఆకు రాలితే శకునం వెతకరాదు. అయితే పెద్దల మాటలో ఒక అనుభవం ఉంది. దానిని కూడా గౌరవించాలి. రావివేరు గోడను చీలుస్తుంది, పునాదిలోకి దిగుతుంది. కనుక కుండీ ఈ మొక్కకు విడిది మాత్రమే. ఒకటి రెండేళ్ళు పెంచి, వానాకాలం ఆరంభంలో ఇళ్ళకు, గోడలకు, నీటి గొట్టాలకు దూరంగా, అనుమతి ఉన్న విశాలమైన నేలలో నాటుదాం.

అంతవరకు ఆకులన్నీ రాలినా ఏ మొక్కనూ పారవేయకండి. కాండం మీద గోటితో కొద్దిగా గీరి చూడండి. లోపల పచ్చదనం కనిపిస్తే అది బ్రతికే ఉన్నది. మన హౌరాలోనే, శిబ్‌పుర్ వృక్షోద్యానంలోని మహావటవృక్షానికి శిలీంధ్రం సోకితే మూలకాండాన్ని 1925లో తొలగించారు. నేటికీ అది ఊడల ఆధారంతో విస్తరిస్తూనే ఉన్నది. మర్రి, రావి ఒకే జాతి బంధువులు. ఆకు లేని మీ మొక్కకు మూడు నెలల గడువు ఇవ్వండి. ఫాల్గుణ పూర్ణిమనాటి సమావేశానికి ఎవరి మొక్కను వారు తీసుకురండి. చిగురు వేసినవాటిని, వేయనివాటిని పక్కపక్కన పెట్టి, ఏ ఇంట్లో ఏమి చేశారో చెప్పుకొని నేర్చుకుందాం.

నమో బుద్ధాయ. జై భీమ్.