ఆకుకుళ్ళు, క్లోరిను



వేళగాని వేళ వచ్చిన బాటసారికిని విస్తరి వేసి, 1909లో కీర్తిశేషురాలైన డొక్కా సీతమ్మగారి స్మృతిగా, ఆమె ఊరైన లంకల గన్నవరమునకు చేరువనే, గోదావరి పాయయైన వైనతేయపు గట్టున మీ ముందు నిలిచి, అన్నమును విడిచి నీటిని గూర్చి పలుకుచున్నానన్నచో, విస్తరికి ముందు చెంబెడు నీళ్ళందించుట మన యింటి మర్యాద గావున, అది ఆ తల్లికి పరాయి ప్రసంగము కానేరదని నా విశ్వాసము. కాలువను ఈ నది మీదుగా దాటించు నూతన అక్విడక్టు సైతము ఆమె పేరనే వెలసినది గదా!

ధవళేశ్వరమున 1847 మొదలు 1852 వరకు ఆనకట్ట కట్టించిన కాటన్ దొరగారి కాలమున, హేగ్ అను ఇంజనీరు 49 కమానులతో నిర్మించిన పాత అక్విడక్టు మీదుగా ఒకప్పుడు నగరము దీవికి సాగిన ఆ కాలువ నీరు, దారిపొడవున వరిదుబ్బుల, కొబ్బరిమట్టల, అరటిబోదెల కుళ్ళును కడిగికొని వచ్చును. వేసవిని కాలువలు కట్టివేసిన పిదప మంచినీళ్ళ చెరువునకు వచ్చు పలుచని డికాక్షను వన్నె ఆ కుళ్ళు కరగినదనుటకు చిహ్నము. రసాయనవేత్తలు ఇట్లు కరగినదానినే హ్యూమిక్, ఫల్విక్ ఆమ్లములందురు.

చిల్లగింజను అరగదీసి బురదనీటిని తేర్చు విద్య మనువు నాటికే మనవారెరుగుదురు. తేరిన నీటిలోనను మృత్యువు దాగియుండునని 1854లో లండనున జాన్ స్నో కలరా మరణములను ఒక వీథి పంపుతో ముడిపెట్టి చూపెను; 1884లో రాబర్ట్ కాక్ కలకత్తా చెరువునీటిలోనే కలరా క్రిమిని కనుగొనెను. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ తన నీటికి నిత్యము క్లోరిను గల బ్లీచింగు ద్రావణము కలుప నారంభించెను.

క్రిములను దహించిన క్లోరిను నీటిలోని తక్కినదానిని ఊరక విడుచునా? రోటర్‌డామ్ జలశాఖలో పనిచేసిన జోహానెస్ రూక్, బీరు పరిశ్రమలో అలవడిన పద్ధతిని, సీసాలో నీటిపై నిలుచు ఆవిరిని పరీక్షించి చూడగా, క్లోరిను కలుపక ముందు లేని క్లోరోఫారము కలిపిన పిమ్మట కనబడెను. నీటి రంగు ఎంత చిక్కనైన అది అంత అధికము. 1974లో ఆయన దీనిని ప్రకటించెను. నీటిలో క్లోరిను హైపోక్లోరస్ ఆమ్లమై, హ్యూమిక్ అణువులలోని రిసార్సినాలు వంటి వలయములను పట్టుకొనును. రెండు హైడ్రాక్సిల్ సమూహముల నడిమి కర్బనముపై క్లోరిను పరమాణువులు ఒకటొకటిగా చేరి, వలయము తెగి, తుదకు ఆ కర్బనమే మూడు క్లోరినులతో ఊడిపడును. అదియే క్లోరోఫారము. వేరొక దారిని హాలోఎసిటిక్ ఆమ్లములు జనించును. సముద్రపు పోటుతో ఉప్పు తగిలిన నీటిలోని బ్రోమైడు తోడైనచో, అది హైపోబ్రోమస్ ఆమ్లమై మరింత వడిగా పనిచేసి బ్రోమోఫారమును సైతము పుట్టించును; ఓడలరేవు ఎరిగిన మీకు ఇది దూరపు ముచ్చట కాదు.

ఇది విని క్లోరినునే మానవలెనను వారితో నేను ఏకీభవింపజాలను. ఈ క్లోరోఫారము వంటివాటి వలన దశాబ్దుల పిమ్మట రాగల ముప్పునకు వెరచి, రేపే రాగల కలరాకు తలుపు తీయరాదు. 2012 నాటి భారతీయ ప్రమాణము, నీటిలో మిగులు క్లోరిను లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గరాదనియు, క్లోరోఫారము అదే 0.2కు మించరాదనియు చెప్పుచున్నది. ఈ రెండును ఒక్కమారు నెరవేరుట క్లోరిను వేయు క్రమముననున్నది: కాలువ నీరు పట్టుటకు ముందే చెరువులోని గుర్రపుడెక్కను వేళ్ళతో తీయించి, పటికతో తేర్చి, ఇసుకలో వడగట్టి, డికాక్షను వన్నె వీలైనంత పోయిన నీటికే క్లోరిను వేయవలయును.