నందాదేవి లోగిలి



ఏడో తరగతి గోడకు భారతదేశ పటం తగిలించి, మన దేశంలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం ఏదని అడిగితే సగం మంది పిల్లలు ఎవరెస్టు అంటారు. అది నేపాల్, చైనా సరిహద్దు మీద ఉన్నదని చెబితే కాంచనజంగ అంటారు. అదీ సిక్కింకూ నేపాల్‌కూ ఉమ్మడిదే. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకొక భాష మాట్లాడే మా పిల్లలకు ఈ సరిహద్దు లెక్క తొందరగానే పట్టుబడుతుంది. పూర్తిగా మన నేలమీద నిలబడిన వాటిలో పెద్దది ఉత్తరాఖండ్‌లోని నందాదేవి. ఎత్తు 7,816 మీటర్లు.

అక్కడి గఢ్వాలీలకు ఆమె ఇంటి ఆడపడుచు. పన్నెండేళ్ళకు ఒకసారి జరిగే జాతరలో ఆమెను అత్తవారింటికి సాగనంపుతారు.

ఈ ఆడపడుచు లోగిలికి వాకిలి ఒక్కటే. చుట్టూ ప్రహరీగోడలా పర్వతాలు, వాటిలో పన్నెండు దాకా 6,400 మీటర్లు దాటినవే. లోపలి హిమానీనదాలు, అంటే బరువుకు మెల్లగా కిందికి జారే మంచు ఏరులు, కరిగి ఋషిగంగ అవుతాయి. ఆ నది పడమటి గోడను కోసుకుని బయటికి వస్తుంది. ఆ ఇరుకు లోయ గుండా 1934లో షిప్టన్, టిల్‌మన్ అనే ఇద్దరు ఆంగ్లేయులు మొదటిసారి లోపలికి చేరారు. వెంట వెళ్ళిన షెర్పాల పేర్లు కూడా చెప్పుకోవాలి: ఆంగ్ థార్కే, పసాంగ్, కుసాంగ్. 1936 ఆగస్టు 29న టిల్‌మన్, ఓడెల్ శిఖరం ఎక్కారు. 1950లో అన్నపూర్ణ ఎక్కేదాకా అంతకన్నా ఎత్తైన శిఖరం మీద మనిషి కాలు పెట్టలేదు.

1965లో మరో కథ. చైనా అణు పరీక్షల మీద నిఘాకని భారత, అమెరికా గూఢచారి సంస్థలు ప్లుటోనియంతో నడిచే యంత్రాన్ని పైకి మోయించాయి. తుఫాను వచ్చి దాన్ని దారిలోనే వదిలి దిగారు. మరుసటి ఏడు వెళ్తే కనబడలేదు. ఇంతవరకూ దొరకలేదు.

నేను ముఖ్యంగా చెప్పదలచింది కింద, ఋషిగంగ ఒడ్డున ఉన్న రేణీ గురించి. 1974 మార్చి 26న గుత్తేదారు మనుషులు గొడ్డళ్ళతో అడవికి వచ్చారు. మగవాళ్ళు నష్టపరిహారం డబ్బుకోసం చమోలీ వెళ్ళి ఉన్నారు. గౌరాదేవి అనే భోటియా స్త్రీ ఊరి ఆడవాళ్ళను కూడగట్టుకుని, ఈ అడవి మాకు పుట్టిల్లు అంటూ అడ్డం నిలిచింది. చెట్లు నిలిచాయి. చిప్కో పేరు చెబితే నేటికీ రేణీయే గుర్తుకు వస్తుంది.

ఆ పక్కనే పర్వతారోహకులు పెరిగారు, చెత్త పెరిగింది, వంటచెరకుకు పొదలు నరికారు. అందుకని 1982లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించి, ఆపైన లోపలికి రాకపోకలు ఆపేశారు. 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మంచు చిరుతకు, కస్తూరి మృగానికి, భరల్ అనే కొండగొర్రెకు ఊపిరాడింది. అయితే అడవిని కాపాడిన రేణీకి, పొరుగున లాతాకి పచ్చిక పోయింది, మూలికలు పోయాయి, మోత కూలి పోయింది. 1998లో ఆ లోయ జనం కలిసికట్టుగా నిషిద్ధ ప్రాంతంలోకి నడిచివెళ్ళారు. ఆ ఉద్యమానికి 'ఝప్టో ఛీనో' అని పేరు, గుంజుకో, లాక్కో అని. మూయడం అవసరమేనని నేనూ అంటాను. కానీ ఆ ఊళ్ళవాళ్ళను ముందుగా కూర్చోబెట్టుకుని మాట్లాడి ఉండవలసింది. తరువాత అంచున కొంత మేర నడక యాత్రలకు తెరిచారు.

2021 ఫిబ్రవరి 7 ఉదయం అక్కడి రౌంఠీ శిఖరం నుంచి దాదాపు 2.7 కోట్ల ఘనపు మీటర్ల రాయి, మంచు విరిగిపడ్డాయి. రాళ్ళ ఒరిపిడి వేడికి మంచు కరిగి బురద వరద అయింది. రేణీ దగ్గరి జలవిద్యుత్ కేంద్రం కొట్టుకుపోయింది. దిగువన తపోవన్ సొరంగంలో పనివాళ్ళు చిక్కుకున్నారు. చనిపోయినవారూ జాడ తెలియనివారూ కలిసి రెండు వందలు దాటారు.

ఆ ఏడాది జూన్‌లో వానలకు రేణీ దగ్గర రోడ్డు కుంగింది. కొత్త దారి తవ్వడానికి ఊళ్ళోని గౌరాదేవి విగ్రహాన్ని తీసి జోషీమఠ్‌కు తరలించారు. అప్పుడూ ఊరి ఆడవాళ్ళు కళ్ళనీళ్ళతో అక్కడే నిలబడి ఉన్నారట.