యంత్రం మళ్లీ మళ్లీ అడుగుతోందా? కారణం ఇలా కనిపెట్టండి
(లబ్ధిదారుల అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈకేవైసీ కోసం సచివాలయానికో, రేషన్ డిపోకో వెళ్తారు. నంబరు చెప్తే మళ్లీ అడుగుతుంది. వేలు పెడితే మళ్లీ పెట్టమంటుంది. "సర్వర్ పనిచేయట్లేదు, రేపు రండి" అంటే తిరిగొచ్చేస్తారు. కొన్నిసార్లు అది నిజమే. కానీ చాలాసార్లు కారణం వేరే ఉంటుంది. అది తెలియకపోతే ఎన్ని రోజులు తిరిగినా పని అవ్వదు, ఒక రోజు కూలీ కూడా పోతుంది.

కంప్యూటర్ వెనుక పెద్ద పద్దుల పుస్తకం ఉందనుకోండి. మీరిచ్చిన నంబరు, పేరు పట్టుకుని అది మీ వరుస వెతుకుతుంది. దొరక్కపోతే "లేదు" అని ఊరుకోదు, అదే ప్రశ్న మళ్లీ వేస్తుంది. కాబట్టి ఏ ప్రశ్న దగ్గర ఆగిందో చూడండి. తప్పు అక్కడే ఉంటుంది.

ముందు ఒక మాట. కార్డులో నలుగురుంటే నాలుగుసార్లు అడుగుతుంది. అది తప్పు కాదు. తెరమీద ఎవరి పేరుందో చదివించుకుని, వాళ్ల చేతే వేలు పెట్టించండి.

1. నంబరు దగ్గర ఆగితే: ఆధార్‌కు 12 అంకెలు. ఆధార్ అడిగిన చోట కార్డు నంబరు కొట్టారేమో చూడండి. నోటితో చెప్పకండి, కార్డు చూపించండి.

2. ఓటీపీ దగ్గర ఆగితే: ఓటీపీ మీ చేతిలో ఉన్న ఫోనుకు కాదు, ఆధార్‌కు లింకైన నంబరుకే వస్తుంది. పాత సిమ్ పోయుంటే ఆధార్ కేంద్రంలో కొత్త నంబరు చేర్పించుకోండి, దానికి వేరే పత్రం అక్కర్లేదు. రెండు మూడు ఓటీపీలు వచ్చుంటే చివరిదే చెప్పండి.

3. వేలిముద్ర దగ్గర ఆగితే: చేతులు కడిగి, తుడుచుకుని, వేరే వేలు పెట్టండి. పొలం పనుల వల్ల గీతలు అరిగిపోతాయి. అలాంటప్పుడు కనుపాప, ముఖ గుర్తింపు లేదా ఓటీపీతో వీలవుతుందా అని అడగండి. ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ చేసి ఉన్నా వేలు పడదు. ఐదేళ్లలోపు పిల్లల ఆధార్‌లో వేలిముద్రలే ఉండవు. 5 ఏళ్లకు, మళ్లీ 15 ఏళ్లకు తప్పకుండా అప్‌డేట్ చేయించాలి.

4. అన్నీ తీసుకుని, వివరాలు సరిపోలేదంటే: రెండు చోట్ల రెండు రకాలుగా ఉన్నట్టు. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరమే ఉంటుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు ఒకచోటే మారి ఉంటుంది. కొందరి ఆధార్‌లో పుట్టిన సంవత్సరమే ఉంటుంది. ఇక్కడ తొందరపడకండి. రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి ఏది తప్పో తేల్చుకుని, దాన్నొక్కటే సరిచేయించండి. రెండూ మారిస్తే మళ్లీ తేడా వస్తుంది. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం మామూలుగా జీవితంలో రెండుసార్లే. ఊరికే వాడేసుకోకండి.

5. అన్నీ అయినా డబ్బు పడకపోతే: ఆధార్ ద్వారా వచ్చే డబ్బు ఒక్క బ్యాంకుకే వెళ్తుంది. ఆధార్‌ను చివరగా అనుసంధానం చేసిన ఖాతా ఏదో ఆ బ్యాంకుకే. డబ్బు రాలేదనుకునే ముందు పాత పాస్‌బుక్కులు కూడా చూడండి. అసలు ఏ ఖాతాకూ అనుసంధానం కాకపోతే బ్యాంకుకు వెళ్లి చేయించుకోండి.

"అవ్వలేదు" అన్న మాటతో తిరిగి రాకండి. తెరమీద వచ్చిన మెసేజీ ఫోటో తీయించుకోండి. దరఖాస్తు నంబరు, తేదీ రాయించుకోండి. రసీదు అడగండి. ఆ కాగితం ఉంటే రెండోసారి మొదటినుంచి చెప్పక్కర్లేదు. "ఎక్కడ ఆగింది బాబూ?" అని అడిగే హక్కు మీకుంది.

ఆధార్ సందేహాలకు 1947కు ఫోన్ చేయండి. ఫోన్‌లో ఓటీపీ అడిగితే మాత్రం ఎవరికీ చెప్పొద్దు, ఆఫీసు పేరు చెప్పినా సరే. మోసపోయి డబ్బు పోతే వెంటనే 1930కు చెప్పండి.

ఇంట్లో పెద్దవాళ్లకు, ఫోను లేని ఇరుగుపొరుగుకు ఇది చదివి వినిపించండి. సెలవు.