సీసా మీది పేరు
(శతజయంతి ఉత్సవములలో వైద్య సేవా విభాగపు కూడికయందు చేసిన ప్రసంగము)



ఆసుపత్రి సేవను గూర్చి మాట్లాడుమనగానే డాక్టర్లను, నర్సులను గూర్చి చెప్పుట వాడుక. మేము ఈ పూట వేరొక గుంపును గూర్చి చెప్పదలచితిమి. తెల్లవారకముందే ట్రే చేతబట్టుకొని మంచము మంచమునకు తిరిగి రక్తము తీయువారు కలరు. వారినే ఇప్పుడు ఫ్లెబాటమిస్టులనుచున్నారు. వారి మీద ఒక ఇన్‌చార్జి ఉండును. రోగుల పరామర్శకు పోవుచు వారి పనిని చాలకాలముగా దగ్గరనుండి చూచుచున్నాము. మీ ఇండ్లలో ల్యాబు టెక్నీషియన్లు, నర్సులు అనేకులున్నారు గనుక, మేము చెప్పునది సరియో కాదో వారినే అడుగవచ్చును.

రక్తము తీయుటలో కష్టమంతయు నరము దొరకుటలోనే ఉన్నదని మనము అనుకొందుము. అది నేర్పే, కాదనము. అయితే ప్రాణము మీదికి వచ్చునది ఒకరి రక్తము వేరొకరి పేరుగల సీసాలోనికి పోయినప్పుడు. 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ మనుష్యుల రక్తములోని గ్రూపులను వివరించెను. అందుకు 1930లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. రక్తము ఎక్కించి మనిషిని బ్రదికించుటకు ఆ జ్ఞానమే పునాది. అయినను అదంతయు సీసాకు అంటించిన చిన్న చీటీ నిజమైనప్పుడే పనికివచ్చును. చీటీ మారినచో ల్యాబులో ఎంత శ్రద్ధగా పరీక్షించినను ఫలితము తప్పే. 'ఓ' గ్రూపు రోగికి 'ఎ' గ్రూపు రక్తము ఎక్కినచో ప్రాణమే పోవచ్చును. అందుచేతనే అనేక ఆసుపత్రులలో గ్రూపు నిర్ధారణకు వేరు వేరు వేళలలో 2 మారులు శాంపిలు తీయుదురు.

పేరు ఎట్లు మారును? దూరము పోనక్కరలేదు, మన గుడి రిజిస్టరు తెరచి చూడుడి. ఎందరు మరియమ్మలు, ఎందరు ఏసోబులు! ఒకే వార్డులో ఇద్దరు మరియమ్మలుండుట వింత కాదు. పైగా మనలో చాలమందికి బాప్తిస్మపు పేరు ఒకటి, సర్టిఫికెట్టులోని పేరు ఒకటి, ఇంటిలో పిలుపు వేరొకటి. కేసు షీటులో వెంకటేశ్వర్లు అని ఉండును. ప్రక్కనున్న తమ్ముడు "మా డేవిడన్న" అనును. భార్యను అడుగుదమన్న, భర్త పేరు పలుకుటకు మొగమాటపడు పెద్దమ్మలు ఇంకను ఉన్నారు!

"మీరు మరియమ్మ గారేనా?" అని అడిగినచో, జ్వరముతో పడియున్న ముసలమ్మ "ఆఁ నాయనా" అనును. ఏమి అడిగినను అదే అనును. కావున మంచి ఇన్‌చార్జి తనవారికి నేర్పు మొదటి పాఠము ఇది: "మీ పేరేమమ్మా?" అని అడుగవలెను, పేరు ఆమె నోటనుండియే రావలెను. పిమ్మట చేతి పట్టీ మీది నంబరును కేసు షీటుతో సరిచూడవలెను. స్పృహ లేనివారికి ఆ పట్టీయే నోరు. రక్తము తీసిన తరువాత ఆ మంచము ప్రక్కనే నిలిచి చీటీ అంటింపవలెను. పేరులేని సీసాలు నాలుగు ట్రేలో వేసుకొని, బల్లయొద్ద కూర్చుండి అంటించుకొందమనుట కూడదు. బార్‌కోడు మిషను చీటీని చదువునే గాని, లోపలి రక్తము ఎవరిదో చెప్పలేదు.

మిగిలిన నియమములను త్వరగా చెప్పెదము. రబ్బరు పట్టీ ఒక నిమిషము మించి బిగించియుంచరాదు. సెలైను ఎక్కుచున్న చేతినుండి తీయరాదు. నీలి మూత సీసా ముందు, ఎఱ్ఱ మూత తరువాత, ఊదా మూత ఆ పిమ్మట, బూడిదరంగు మూత కడపట నింపవలెను. ఊదా మూత సీసాలోని మందు వేరొక సీసాలో కలిసినచో, రక్తములో లేని పొటాషియము రిపోర్టులో కనబడును. వాడిన సూదికి మరల మూత పెట్టరాదు. గుచ్చుకొనని తెల్లని డబ్బాలో వేయవలెనని 2016 నాటి ప్రభుత్వ నియమములు చెప్పుచున్నవి.

ఇవన్నియు గోడకు అంటించిన కాగితములో ఉండును. ఇన్‌చార్జి పని కాగితముతో తీరదు. డాక్టరుగారి రౌండ్స్ వేళకు రిపోర్టులు సిద్ధముగా ఉండవలెనని పైనుండి ఒత్తిడి, మనుషులు చాలరు, ఒకరు సెలవు పెట్టుదురు. అట్టి దినమున తొందరపెట్టు ఇన్‌చార్జియే, తెలియకయే, చీటీలు మారుటకు దారి తెరచుచున్నాడు.

ఒక ఆసుపత్రిలో మేము చూచిన సంగతి చెప్పెదము. క్రొత్తగా చేరిన ఒక యువకుడు చీటీలేని రెండు సీసాలు తెచ్చెను. "ఏది ఎవరిదో నాకు జ్ఞాపకమున్నదమ్మా" అనెను. వాటిలో ఒకటి చిన్నబిడ్డది. ఎంతో ఏడిపించి తీసిన రక్తము. ఇన్‌చార్జి సిస్టరుగారు ఆ రెంటిని పరీక్షకు పోనీయక, అందరి ముందు అతనిని కేకలు వేయక, తానే అతనితోకూడ వార్డునకు పోయి ఆ బిడ్డ తల్లిని క్షమించుమని అడిగి మరల తీయించిరి. తల్లి కోపపడినది. న్యాయమే. కొన్ని వారముల తరువాత అదే యువకుడు తనంతట తాను పరుగెత్తుకొనివచ్చి, "అమ్మా, 2 చీటీలు తారుమారైనవేమోనని అనుమానము, ల్యాబువారిని ఆపండి" అనెను. నిజముగానే తారుమారైనవి. మొదటి దినమున అతనిని సిగ్గుపరచియున్నయెడల ఈ మాట అతని నోట వచ్చియుండునా? రాదని మా అభిప్రాయము.

నరము దొరకనప్పుడును ఇట్లే. 2 మారులు గుచ్చిన తరువాత మూడవసారి తాను గుచ్చక వేరొకరిని పిలువవలెనని అనేక చోట్ల నియమము. పిలిచినవానిని "చేతకానివాడు" అని నవ్వు గుంపులో ఎవడును పిలువడు. రోగి చేయి మాత్రము నల్లబడును. అట్టి నవ్వును మొదటి దినముననే ఆపుట ఇన్‌చార్జి బాధ్యత.

సంఘస్థులుగా మనము చేయవలసినదియు కొంత కలదు. ఆసుపత్రిలో చేరునప్పుడు కార్డులో ఏ పేరున్నదో అదే వ్రాయించుడి; గుడిలో పిలుచు పేరు వేరైనచో ఆ సంగతి నర్సుకు చెప్పుడి. ముసలివారి యొద్ద కూర్చుండువారు ఆ పేరు తెలిసికొని కూర్చుండుడి. రేపు ఉదయము ఆ పిల్లవాడు ట్రేతో వచ్చి నాలుగవ మారు పేరడిగినను, "నిన్ననే చెప్పితిని గదా" అని విసుగుకొనక, ఇంటిపేరుతో సహా మరల చెప్పుడి.