కృపావరములు: గుర్తింపు, వినియోగము

గ్రీసు దేశమునందలి కొరింథు రెండు రేవుల నడుమ వర్ధిల్లిన ప్రాచీన వర్తక పట్టణము. అచ్చటి చిన్న క్రైస్తవ సంఘములో క్రీ.శ. 55 ప్రాంతమున ఒక విచిత్రమైన స్పర్ధ పుట్టినది. దేవుడిచ్చిన వరములలో ఎవరి వరము గొప్పది అన్నదే దానికి మూలము. భాషలతో మాటలాడు వరము గలవారికి మన్నన హెచ్చెను. మరుగున పనిచేయువారు తమకేమియు లేదని క్రుంగిరి. ఈ రెండు రోగములకును మందుగా పౌలు ఒక లేఖ వ్రాసెను. అందలి పండ్రెండవ అధ్యాయము ఈ విషయమున నేటికిని క్రైస్తవులకు ప్రమాణముగా నున్నది.

పౌలు వాడిన గ్రీకు పదము 'ఖరిస్మ'. 'ఖరిస్' అనగా కృప. కావుననే తెలుగు బైబిలున అది కృపావరమైనది. కష్టార్జితము కానిదానిని చూచుకొని గర్వించుట తగదు. దాత ఇచ్చినదానిని అల్పమని త్రోసివేయుటయు తగదు. స్వస్థత, ప్రవచనము మొదలగువాని సరసనే ఉపకారము చేయుట, కార్యనిర్వహణ అనువానిని కూడ పౌలు చేర్చెను. రోమీయులకు వ్రాసిన లేఖలో బోధతోపాటు దానమును, కనికరమును పేర్కొనెను. వేదికపై వినబడునదే వరమను భ్రమ దీనితో తొలగిపోవుచున్నది.

అయినచో, ఎవరి వరమును వారు గుర్తించుట ఎట్లు? ప్రార్థన మొదటి మెట్టు. చుట్టునున్నవారి అవసరమును కన్నులు తెరచి చూచుట రెండవది. చేసిన పని వలన ఇతరులకు మేలు కలిగినదా యని తోడివారి మాట వినుట మూడవది. వరము ఒంటరిగా కూర్చుండి ఆలోచించిన తేలునది కాదు; పనిలో దిగినప్పుడే బయటపడును.

మన ఒంగోలు చరిత్రలో ఇందుకొక నిదర్శనమున్నది. 1866లో అచ్చటికి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ యౌవనమున భూముల సర్వే పని నేర్చినవాడు. బోధకునకు ఆ విద్యతో పనియేమి? 1876-78 నాటి ఘోర క్షామమున దాని విలువ తెలిసినది. ప్రభుత్వము త్రవ్వించుచున్న బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల భాగమును ఆయన కంట్రాక్టుకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. ఉపదేశకులే మేస్త్రీలై పని చూచిరి. గొలుసు పట్టి నేల కొలిచిన చేయి ఆనాడు అన్నము పెట్టిన చేయియైనది.

అంతకంటె గమనింపదగినది మరియొకటి కలదు. కరవు దినములలో బాప్తిస్మము కోరి వచ్చినవారిని ఆయన చేర్చుకొనక ఆపెను. అన్నముకొరకు మతము పుచ్చుకొనిరన్న మాట రాకూడదని ఆయన తలంపు. సహాయమునకు వెల కట్టినచో అది బేరమగును. కాలువ పని ముగిసిన పిమ్మటనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

పురుషోత్తమ చౌదరి (1803-1890) వరము వేరు. ఆయన తెలుగు సాహిత్యమునందలి తన శక్తిని కీర్తనలకు ధారపోసెను. ఆ కీర్తనలు నేటికిని తెలుగు ఆరాధనలలో వినవచ్చుచున్నవి. ఒకరిది కొలబద్ద, ఒకరిది కలము. ఈ రెంటిలో ఏది గొప్పదని తూచువారు మరల కొరింథు తగవునకే పోవుదురు.

వరములను గూర్చిన పండ్రెండవ, పదునాలుగవ అధ్యాయముల నడుమ పౌలు ప్రేమను గూర్చిన అధ్యాయమును నిలిపెను. ప్రేమ లేని వాక్చాతుర్యము ఎదుటివానిని నొప్పించును; ప్రేమ లేని దానము పుచ్చుకొన్నవానిని తలవంచును. వరము పరుల సొత్తు, మనము దానికి కావలివారము మాత్రమే. రోగి ప్రక్కన రాత్రి మేలుకొనగల ఇల్లాలు, లెక్కలు తప్పకుండ వ్రాయగల గుమాస్తా, పిల్లలకు ఓపికతో అక్షరములు దిద్దించగల వృద్ధుడు - వీరిలో వట్టిచేతులవారు ఎవ్వరును లేరు. శ్రోతలలో ప్రతివారును, తమ వీధిలో ఎవరి అవసరము తమ చేతికి అందుచున్నదో చూతురుగాక. అచ్చటనే వారి వరము వారికి తెలియగలదు.