ఒక్క సూటు, రెండు ఇంటర్వ్యూలు

(ఎల్.బి.నగర్‌లో జరిగిన దళిత నిరుద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభ పెట్టినవాళ్లు మమ్మల్ని ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల మీద మాట్లాడమన్నారు. మాట్లాడతాం. కానీ వచ్చేటప్పుడు మెట్రో దిగి కిందికి చూస్తే ఈ ఎల్.బి.నగర్ చౌరస్తాలోనే మాకు జరిగిన ఒక సంగతి యాదికొచ్చింది. ముందు అది చెప్పకపోతే తర్వాత చెప్పేది గాలిమాట అవుతుంది. అది బట్టల సంగతి. ఇంత పెద్ద సభలో బట్టల ముచ్చటేందని ఎవరన్నా అనుకుంటే కొంచెం ఓపిక పట్టండి.

2004 ఎండాకాలం. అప్పుడు ఇక్కడ మెట్రో లేదు, అది 2018 సెప్టెంబరులో వచ్చింది. మేం ఇద్దరం. ఒకే వాడ, ఒకే హాస్టలు, ఒకే సంవత్సరం బి.ఎడ్. పాసయినం. మా ఇళ్లల్లో డిగ్రీ మొహం చూసింది మేమే మొదలు. ఒక పెద్ద ప్రైవేటు స్కూలుకు టీచర్లు కావాలని పేపర్లో ప్రకటన పడితే ఇద్దరం దరఖాస్తు పెట్టినం. లెక్కల పోస్టుకు సోమవారం దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచిలో, ఫిజిక్స్ పోస్టుకు మంగళవారం ఎల్.బి.నగర్ బ్రాంచిలో ఇంటర్వ్యూ అని ఉత్తరాలు వచ్చినయి. కింద ఒక ముక్క రాసి ఉంది: కోటు, టై తప్పనిసరి.

పాఠం చెప్పడానికి కోటెందుకో మాకు ఇప్పటికీ తెల్వదు. ఇరవై ఏండ్ల సంది సర్కారు బడుల్లో, ఆ బడుల చుట్టూ తిరుగుతున్నం, కోటేసుకుని చెప్తే ఎక్కాలు తొందరగా వస్తయని ఎక్కడా చూడలే.

మా వాడ మొత్తంలో ఒక్కటే సూటు. మా అక్క పెండ్లికి బావకు కుట్టించింది. గోధుమ రంగు. పెండ్లినాడు ఒక్కపూట వేసుకుని ట్రంకుపెట్టెలో కలరా ఉండలేసి పెట్టిండు. బావ ఒడ్డూ పొడుగూ మనిషి, మేం ఇద్దరం సన్నగ ఉంటిమి. "తీస్కపోండ్రి బామ్మర్దులూ, కాని జేబుల్ల చేతులు పెట్టకుండ్రి, సాగుతయి" అన్నడు. నల్గొండ బస్సులో ఆ సూటుకు పాత చీర చుట్టి ఒడిలో పెట్టుకున్నం. చౌటుప్పల్ దాటి, హయత్‌నగర్ దాటి వచ్చిందాక చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నం. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద రబ్బరు పట్టీ టై ఒకటి కొన్నం. ముడి వేసే పని లేదు, మెడకు తగిలించుకుంటే చాలు. మా ఊరి పిల్లలు నలుగురు చైతన్యపురిలో ఒక రూములో ఉంటే వాళ్లతోపాటు ఆరుగురమై పండుకున్నం. ఆ రూము ఎట్లా దొరికిందో కూడా చెప్పాలె. ఇంటిపేరు అడుగుడు, అది చెప్తే "మీరేమోళ్లు" అని అడుగుడు, చెప్పంగనే "మావాళ్లు వస్తున్నరు, ఖాళీ లేదు" అనుడు. ఆ నలుగురు పదకొండో ఇంటికి అబద్ధం చెప్పి చేరిండ్రు.

సోమవారం మాలో మొదటోడు సూటేసుకుని పోయిండు. బోర్డు మీద లెక్క చేసిండు, బాగనే చేసిండు. పొద్దుగూకి వచ్చేసరికి కోటు చంకల్లో చెమట మరకలు, ఉప్పు తేలి తెల్లగ కనపడ్తున్నయి. సూటును నీళ్లల్ల ముంచొద్దని తెలుసు, డ్రైక్లీనింగు అంటే రెండు రోజులు, పైసలూ లేవు. తడి తువ్వాలతో తుడిచి, కిటికీకి వేలాడదీసి, రాత్రంతా కొత్తపేట పండ్ల మార్కెట్ దిక్కు నుంచి వచ్చే మామిడిపండ్ల వాసనలో ఆరబెట్టినం. ఆ మార్కెట్ ఇప్పుడు బాటసింగారం పోయింది.

తెల్లారి సందు మొగదల ఇస్త్రీ బండి కాడికి పోయినం. అన్నలారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలె. మా ఊళ్లో చాకలి మా వాడకు రాడు. మా బట్టలు ముట్టడు. ఆయన తప్పు కాదు, మా బట్టలు ఉతికినట్టు తెలిస్తే ఊరు ఆయనను బతకనియ్యదు. అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చింది, కాని చాకిరేవు దాకా రాలేదు. మేం పుట్టిన తర్వాత మా బట్టను ఇంకొకరు ఇస్త్రీ చేసుడు అదే మొదటిసారి. ఆయన బొగ్గుల పెట్టె ఊది, సూటు మీద తడిబట్ట పరిచి ఒత్తిండు. నేరుగ ఒత్తితే పాలిస్టర్ గుడ్డ మెరుస్తదట, పాతదని పట్టిస్తదట. "ఇంటర్వ్యూనా?" అన్నడు. అవునన్నం. మూడు రూపాయలు తీసుకున్నడు. మీరేమోళ్లని అడగలే. అడుగుతడని గుండె దడదడ కొట్టుకుంది గానీ అడగలే. పట్నం మనకు ఏమిచ్చిందని ఎవరన్నా అడిగితే మాకు ముందు ఆ మూడు రూపాయల ఇస్త్రీ గుర్తొస్తది. అద్దె ఇల్లు ఇయ్యని పట్నమే అది కూడా.

మంగళవారం రెండోవాడు అదే సూటు, అదే టై, అవే బూట్లతో బయలెల్లిండు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇక్కడికి నాలుగైదు కిలోమీటర్లు, మామూలుగ నడిచేవాళ్లమే. చెమట పడ్తదని బస్సెక్కినం. సీటు దొరికినా మడత పోతదని కూర్చోలే. విక్టోరియా మెమోరియల్ దాటి చౌరస్తా వచ్చిందాక కడ్డీ పట్టుకుని నిలబడి వచ్చినం.

లోపల కూర్చున్న ముగ్గురిలో ఒకాయన నిన్నటాయనే. సూటును పైనుంచి కిందికి చూసిండు. పక్కాయనతో నవ్వుకుంట, "ఈ సూటు నిన్న దిల్‌సుఖ్‌నగర్లో ఇంటర్వ్యూకొచ్చిందండీ. మళ్లీ వచ్చింది. ఉద్యోగం సూటుకిద్దామా, మనిషికిద్దామా?" అన్నడు. ముగ్గురూ నవ్విండ్రు.

మేమేం చెప్పినం? ఇంత ఉద్యమం చేసినం, ఇన్ని సభల్లో గొంతు చించుకున్నం, ఆనాడు మా నోట్లో నుంచి వచ్చిన మాట ఇది: "ఇద్దరం ఒకే తాను గుడ్డ తీసుకున్నం సార్." అబద్ధం. మా బావ సూటని చెప్పనీకి సిగ్గయింది. ఆ సిగ్గు ఎవరిదో, మా మీదికి ఎట్లా వచ్చిందో ఇరవై ఏండ్లు ఆలోచించినం.

తర్వాత "ఫాదర్ ఏం చేస్తారు?" అన్నరు. "జీతం ఉంటడు సార్" అన్నం. "జీతమా, గుడ్. ఏ డిపార్టుమెంటు?" అన్నరు. మా దిక్కు జీతం ఉండుడంటే దొర ఇంట్లో పాలేరుగా ఉండుడు. వెట్టిని రద్దు చేసిన చట్టం 1976లో వచ్చింది, మా నాయిన ఆ తర్వాత కూడా ఏండ్లకేండ్లు జీతమున్నడు. అది విడమర్చి చెప్పినాక ఫిజిక్స్ మీద ఒక్క ప్రశ్న కూడా అడగలే. ఇద్దరికీ ఉద్యోగం రాలే. మొదటోనికి ఎందుకు రాలేదో తెల్వదు. రెండోవానికి ఎందుకు రాలేదో తెలుసు.

మా ఒక్కరి కడుపుమంట అనుకోకండి. 2007లో సుఖదేవ్ థోరాట్, పాల్ ఆట్‌వెల్ అనే ఇద్దరు పండితులు తాము చేసిన ఒక పరీక్ష సంగతి అచ్చేసిండ్రు. పేపర్లో పడ్డ ప్రైవేటు ఉద్యోగాలకు ఒకే రకం చదువు, ఒకే రకం అర్హత చూపించి దరఖాస్తులు పంపిండ్రు. పేరు ఒక్కటే తేడా. ఒకటి అగ్రకులం పేరు, ఒకటి దళితుల పేరు. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చే అవకాశం దళిత పేరుకు మూడింట రెండొంతులే తేలింది. అదే ఏడు సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ అచ్చేసిన పరిశీలనలో కంపెనీల్లో ఉద్యోగాలిచ్చేటోళ్లనే అడిగిండ్రు. 'కులం చూడం, ప్రతిభే చూస్తం' అనుకుంటనే 'కుటుంబ నేపథ్యం' అడుగుతమని ఒప్పుకున్నరు. తండ్రి ఏం చేస్తడని అడిగితే చాలు, కులం అడిగే పనేముంది? రాజ్యాంగం 16(4) సర్కారు నౌకరీకే వర్తిస్తది. ఈ గేటు కాడ అది ఆగిపోతది. అందుకే ప్రైవేటులో రిజర్వేషన్లు కావాలంటున్నం.

బట్ట సంగతికి మళ్లా వద్దాం. మనుస్మృతి పదో అధ్యాయంలో చండాలుడు ఊరిబయట ఉండాలె, శవాల మీది బట్టలే కట్టాలె, ఇనుప సొమ్ములే పెట్టాలె అని రాసి ఉంది. మా నాయిన ఒంటి మీద ఎన్నడూ కొత్త అంగీ చూడలే మేము. దొర విడిచిన అంగీలే. భుజం కాడ చినిగి, గుండీలు ఊడినంక అవి మా ఇంటికొచ్చేవి. మనువు చచ్చిపోయిండంటరు గానీ మా దండెం మీద బతికే ఉన్నడు.

బాబాసాహెబ్‌కు ఇది తెలుసు కాబట్టే 1927 డిసెంబరులో మహద్‌లో మన ఆడవాళ్లతో చీర కట్టు మార్చుమన్నడు, అంటరానివాళ్లని గుర్తుపట్టించే ఆ బరువు సొమ్ములు తీసెయ్యమన్నడు. గాంధీగారు 1921 సెప్టెంబరులో మధురైలో అంగీ విప్పి కొల్లాయి కట్టుకున్నరు. మంచిదే. తొడుక్కున్నవాడు విప్పితే త్యాగమంటరు. విప్పే ఉన్నవాడు తొడుక్కుంటే పొగరంటరు. గోలమేజా సభకు బాబాసాహెబ్ సూటేసుకుని లండన్ పోయింది సోకు కోసం కాదు.

అయితే సూటుతోటే అంతా అయిపోతదని కూడా మేం అనం. 1917లో బాబాసాహెబ్ కొలంబియాలో, లండన్‌లో చదివి బరోడా కొలువుకు వచ్చిండు. ఉండనీకి రూము దొరకక పార్సీ సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని దిగితే పదకొండో రోజున కట్టెలు పట్టుకొచ్చి వెళ్లగొట్టిండ్రు. పోయి తోటలో కూర్చుని ఏడ్చిండు. చైతన్యపురిలో మన పిల్లలు చెప్పిన అబద్ధం ఆ మహానుభావుడు కూడా చెప్పవలసి వచ్చింది. ఆ సంగతి చదివిన రోజు మాకు 'ఒకే తాను గుడ్డ' అన్న మాట బరువు కొంచెం దిగింది. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మందిని నరికిండ్రు. సినిమాహాల్లో చదువుకున్న పిల్లవాని కాలు తగిలిందన్న కాడ మొదలైంది. ఆ పిల్లవాడు గోచి పెట్టుకుని కింద కూర్చుంటే తగలకపోవును.

ఇంకో ముచ్చట. మన వాడల్లో బాబాసాహెబ్ విగ్రహాలు చూడండి. ఎండకూ వానకూ ఒక్కటే నీలం సూటు. మార్చింది లేదు, ఎవరూ అడిగింది లేదు. ఏడాదికొకసారి రంగేస్తం, అంతే. ఒక్క సూటుతో రెండు రోజులు పోయినవాణ్ణి చూసి నవ్వేవాళ్లు ఆ విగ్రహం ముందుకొచ్చి నవ్వమనండి చూద్దాం!

మా ఇద్దరి సంగతి ఏమైందంటే, 2008 డిఎస్సీ రాసి పంతుళ్లమైనం. పరీక్ష రాసినం, మార్కులొచ్చినయి, రోస్టరులో పేరొచ్చింది. కోటడిగినోడు లేడు, నాయిన ఏం చేస్తడని అడిగినోడు లేడు. అందుకే ఇంటర్వ్యూలు తీసేయమన్నప్పుడు మనం గట్టిగ బలపర్చినం. కేంద్రంలో కింది ఉద్యోగాలకు 2016 జనవరి నుంచి తీసేసిండ్రు. తెలంగాణలో గ్రూప్-1, గ్రూప్-2లకు 2022లో తీసేసిండ్రు. ప్రైవేటులో మాత్రం అదే కుర్చీ, అదే చూపు.

రైల్వే పరీక్షకు పోయే ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఉచిత ప్రయాణ పాసు ఇస్తరు, దరఖాస్తులో ఆ గడి నింపుడు మరువకండి. టికెట్టుకు పాసుంది గానీ అంగీకి పాసు లేదు. అందుకని మేం కొందరం టీచర్లం కలిసి కొత్తపేటలో ఒక మిత్రుని రూములో ఒక ట్రంకుపెట్టె పెట్టినం. తెల్ల అంగీలు, నల్ల ప్యాంట్లు, బెల్టులు, బూట్లు, రెండు కోట్లు ఉన్నయి. ఆడపిల్లలకు చీరలు, చుడీదార్లు. నిరుడు ఒక పిల్లవాడు పెట్టె ముందట నిలబడి అడిగిండు, "సార్, ఇవి గూడా విడిచిన బట్టలే గదా?" అని. మాకు చప్పున జవాబు రాలే. రెండు రోజులు నిద్ర పట్టలే. ఆ తర్వాత కూర్చుని నియమాలు మార్చినం. ఇచ్చేవాళ్ల పేరు రాయం, తీసుకునేవాళ్ల పేరు కూడా రాయం. చినిగింది, గుండీ లేనిది తీసుకోం. నౌకరి వచ్చినోడు మొదటి జీతంలో ఒక కొత్త అంగీ కొని పెట్టెలో వేయాలె. ఆ పిల్లవాడే మొన్న వేసిపోయిండు, లేబుల్ గూడా తీయకుండ.

సభ అయినంక పెట్టె చూడదల్చుకున్నవాళ్లు మాతో రండి. 40 సైజు అంగీలు ఎక్కువున్నయి, 38 కావాలె. బూట్లు ఏడు, ఎనిమిది నంబర్లు అసలే లేవు. తీసుకపోయినవాళ్లు ఉతికి, ఇస్త్రీ చేసి తేవాలె. కోటైతే తడిబట్ట పరిచి ఒత్తమని చెప్పండి.