సున్నపు గడ్డ చెప్పే లెక్క
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కురుగోడు కొండల గ్రానైటు రాతిపై ఒక చుక్క సజల హైడ్రోక్లోరికామ్లం వేస్తే పొంగు రాదు. బళ్లారి ప్రాంతపు నల్లరేగడిలో దొరికే సున్నపు గడ్డపై అదే చుక్క బుసబుస పొంగుతుంది. ఆ గడ్డలో కాల్షియం కార్బనేటు ఉండటమే కారణం. వెలువడిన కార్బన్ డయాక్సైడును సున్నపుతేటలోకి పంపితే తేట పాలవలె తెల్లబడుతుంది.

ఆ పొంగు చూసి ఆనందించని విద్యార్థి ఉండడు. చిక్కంతా నల్లబల్ల వద్దనే. ఆమ్లంలో హైడ్రోజన్ ఒకటి, క్లోరిన్ ఒకటి. కుడివైపు నీటిలో హైడ్రోజన్ రెండు, కాల్షియం క్లోరైడులో క్లోరిన్ రెండు. లెక్క కుదరలేదని కొందరు క్లోరిన్ కింద ఉన్న 2ను చెరిపివేస్తారు. అది లెక్కను సరిచేయటం కాదు, పదార్థాన్నే మార్చివేయటం. ఈ చర్యలో అటువంటి పదార్థం పుట్టదు. మార్చదగినది ఫార్ములా ముందుండే గుణకం మాత్రమే. ఆమ్లం ముందు 2 ఉంచితే అన్నీ సరిపోతాయి:

కాల్షియం కార్బనేటు + 2 హైడ్రోక్లోరికామ్లం → కాల్షియం క్లోరైడు + నీరు + కార్బన్ డయాక్సైడు

అనగా కార్బనేటుకు, ఆమ్లానికి మోల్ నిష్పత్తి 1:2. ఒక గ్రాముకు రెండు గ్రాములని దీని అర్థం కాదు. మోల్ అనేది డజను వంటి లెక్క. 12కు బదులు సుమారు 6.022 × 10²³. డజను నిమ్మకాయలు, డజను గుమ్మడికాయలు ఒకే తూకం తూగవు కదా! ఒక మోల్ కాల్షియం కార్బనేటు 100 గ్రాములు, రెండు మోల్‌ల ఆమ్లం 73 గ్రాములు, మొత్తం 173. కుడివైపు 111, 18, 44 గ్రాములు, అదీ 173. కనుక 25 గ్రాముల కార్బనేటు, అంటే పావు మోల్, పూర్తిగా కరగటానికి అర మోల్ ఆమ్లం, అంటే 18.25 గ్రాములు కావాలి. వెలువడే వాయువు 11 గ్రాములు. 1750ల దశకంలో స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్లాక్ ఇటువంటి చర్యలలో తగ్గిన బరువును తూచియే ఈ వాయువును గుర్తించాడు.

1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఇక్కడ తెలుగులో చదివిన బిడ్డ రేపు కన్నడంలోనో, ఇంగ్లీషులోనో పై చదువు చదువవలసి రావచ్చు. అణువు, పరమాణువు అనే మాటలు కన్నడంలోనూ అవే. భాష ఏదైనా 1:2 మారదు. కాని ఆ 2 కింద కాక ముందే ఎందుకుండాలో తల్లిభాషలో ఒకసారి బోధపడిన బిడ్డ దానిని మరువడు. కంఠస్థం చేసిన బిడ్డకు అంకె మారగానే దారి తప్పుతుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంట్లో కోడిగుడ్డు పెంకును నిమ్మరసంలో వేయండి. అక్కడా పొంగు వస్తుంది. మార్కులెన్ని అని అడిగే ముందు, ఆ బుడగలెందుకు వచ్చాయని బిడ్డను అడగండి.

సెలవు.